ఆన్‌లైన్ డ్రింకింగ్ గేమ్స్ బాక్స్ – బరంపురం బ్యాచ్ రివ్యూ (5కి 2 స్టార్లు, అవి కూడా బంతులకే)

కాలేజీ అయిపోయే ముందు పార్టీ అన్నారంటే ఒడిశాలోని మా బరంపురంలో ఎవడో ఒకడు ఫోన్ తీసి ఈ బాక్స్ లింక్ పెడతాడు, గ్రూపులో అందరూ ఫైర్ ఎమోజీలు కొడతారు, తర్వాత డబ్బులు ఎవరు వేస్తారన్న దగ్గర గ్రూపు మొత్తం సైలెంట్ అయిపోద్ది. చివరికి ఏడుగురం తలా కొంచెం వేసి తెప్పించాం, 799 రూపాయలు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి బాక్సులు పది పేర్లతో అమ్ముతున్నారు, లోపల సరుకు చూస్తే అన్నీ ఒకే చోట ప్యాక్ చేసినట్టే ఉంటాయి. మీకు వచ్చేదీ ఇంచుమించు ఇదే అనుకోండి.

లోపల ఏటున్నాయంటే, ఎర్ర ప్లాస్టిక్ కప్పులు ఇరవై, టీటీ (టేబుల్ టెన్నిస్) బంతులు నాలుగు, అంకెలు రాసిన చిన్న తిరుగుడు చక్రం, దాని చుట్టూ పెట్టుకోడానికి ప్లాస్టిక్ షాట్ గ్లాసులు, ఒక పేకముక్కల కట్ట, ఇంకో కట్ట డేర్ కార్డులు, ఒక నాలుగు మడతల కాగితం, దాని మీద రూల్స్. ఫొటోలో కప్పులు మందంగా మెరిసిపోతుంటాయి. చేతికొచ్చాక చూస్తే పెళ్ళిభోజనాల్లో నీళ్ళు పోసే డిస్పోజబుల్ గ్లాసుకి ఎర్ర రంగేసినట్టుంది, రెండు వేళ్ళతో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ బయటికి రాదు.

మేం ఆడింది బరంపురం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్‌లో, అద్దెకి తీసుకున్న ఇంటి డాబా మీద. బీచ్‌లో కూర్చుని తాగితే పోలీసులు పట్టుకుంటారు, అది ఎవరూ ట్రై చెయ్యకండి. డాబా అయితే గొడవ లేదనుకున్నాం కానీ సముద్రపు గాలి అనేది ఒకటుంటుంది కదా, ఖాళీ కప్పులు త్రిభుజంలా పేర్చి ఇలా తిరిగి అలా చూసేసరికి సగం పక్కింటి కొబ్బరిచెట్టు కింద ఉన్నాయి. అడుగున రెండు వేళ్ళంత నీళ్ళు పోస్తేగానీ నిలబడలేదు. బంతి సంగతి ఇంకా ఘోరం, టీటీ బంతి బరువు 2.7 గ్రాములే, నువ్వు కప్పుకేసి విసిరితే అది గాలి చెప్పిన వైపు పోద్ది. కాబట్టి గోపాల్‌పూర్, సోనాపూర్ వైపు బీచ్ దగ్గర ఇల్లు తీసుకునేవాళ్ళు ఈ గేమ్ హాల్లోనే ఆడండి, ఫ్యాన్ కూడా ఆపేసి.

ఇప్పుడు గేమ్ గేమ్‌గా చెప్తా, ఎందుకంటే బాక్స్ చెత్తదైనా గేమ్స్ కొన్ని నిజంగా బాగుంటాయి.

బీర్ పాంగ్ అందరికీ తెలుసు, టేబుల్‌కి ఆ చివర పది కప్పులు, ఈ చివర పది, అటు ఇద్దరు ఇటు ఇద్దరు, బంతి ఎదుటివాళ్ళ కప్పులో పడితే ఆ కప్పు వాళ్ళు తాగాలి. ఇది అమెరికాలో డార్ట్‌మౌత్ కాలేజీలో 1950లు, 60ల్లో మొదలైందంటారు, అప్పట్లో నిజంగానే టీటీ బ్యాట్లతో ఆడేవాళ్ళట, చేత్తో విసరడం తర్వాత వచ్చింది. అసలు టేబుల్ 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉండాలి. మా దగ్గర అలాంటిది ఎక్కడుంటుంది, ఇంటివాళ్ళ డైనింగ్ టేబుల్ పొట్టిది, పక్కన ఇస్త్రీ టేబుల్ కలిపితే సరిపోయింది, మధ్యలో సందులో బంతి ఇరుక్కుంటే మళ్ళీ వెయ్యాలి అని మేమే రూల్ పెట్టుకున్నాం.

కానీ అసలు తిరకాసు టేబుల్ దగ్గర లేదు, బీర్ దగ్గర ఉంది, ఈ కాగితం మీద దాని గురించి ఒక్క ముక్క లేదు. అమెరికా వాళ్ళు పది కప్పులకి కలిపి రెండు క్యాన్లు పోస్తారు, క్యాన్ 355 ఎంఎల్, ఐదు శాతం లోపు పల్చటి బీరు. మన దగ్గర కుర్రాళ్ళు కొనేది ఏంటి, 650 ఎంఎల్ స్ట్రాంగ్, లేబుల్ మీద ఎనిమిది శాతం దాకా ఉంటుంది. లెక్క వేసుకోండి, అలాంటి ఒక్క బాటిల్‌లో ఉండే ఆల్కహాల్ వాళ్ళ క్యాన్లు దాదాపు మూడింటితో సమానం. అంటే వాళ్ళ రూల్స్ తెచ్చి మన బాటిల్‌తో ఆడితే గేమ్ సగంలోనే మనుషులు అయిపోతారు, బంతి విసరడం సంగతి తర్వాత. రూల్స్ కాగితంలో "కప్పులో మూడో వంతు బీర్ నింపండి" అని బొమ్మేసి మరీ ఉంది. ఆ కప్పులో మూడో వంతు అంటే ఎంతో, ఏ బీరో, ఏమీ లేదు.

దీనికి పరిష్కారం చాలా సింపుల్, ఇప్పుడు విదేశాల్లో కూడా చాలామంది ఇలాగే ఆడుతున్నారు. కప్పుల్లో నీళ్ళే పొయ్యండి, ఎవరి డ్రింక్ వాళ్ళ గ్లాసులో పక్కన ఉంటుంది, కప్పు పోతే నీ గ్లాసులోంచి ఒక గుక్క. శుభ్రం కూడా. డాబా మీద దొర్లి, కాకి రెట్ట మీంచి వెళ్ళి, చెప్పుల మధ్యకి పోయి వచ్చిన బంతి మళ్ళీ బీరులో పడ్డాక ఆ బీరు తాగమంటే ఎలా తాగుతార్రా బాబూ. మా వాడొకడు "ఏటవుద్ది మావా, ఆల్కహాల్ ఉంది కదా, సూక్ష్మక్రిములు చచ్చిపోతాయి" అన్నాడు. బీరులో ఉండే ఆల్కహాల్‌కి క్రిములు చావవు, శానిటైజర్‌లో కనీసం అరవై శాతం ఉండాలి, ఇక్కడ ఎనిమిది. వాడు బయోటెక్ చదువుతున్నాడు, అది వేరే విషయం.

తిరుగుడు చక్రం గురించి పెద్దగా చెప్పను. బేరింగ్ లేదు, ప్రతిసారీ 7 దగ్గరే ఆగుతుంది, 7 నంబర్ గ్లాసు ముందు కూర్చున్నవాడు పాపం. కానీ ఆ షాట్ గ్లాసులు మాత్రం చూసుకోండి. అనుమానమొచ్చి దగ్గు మందు సీసా మూతతో కొలిచాం, 10 ఎంఎల్ మూత, ఐదు మూతలు పట్టింది. అంటే 50 ఎంఎల్! మన చిన్న పెగ్గు 30. విస్కీ, రమ్ము 42.8 శాతం కాబట్టి 30 ఎంఎల్‌లో ఆల్కహాల్ సుమారు 10 గ్రాములు, ఈ గ్లాసు నిండా పోస్తే దాదాపు 17. చక్రం తిరగడానికి ఎంత, పది సెకన్లు. పది సెకన్లకోసారి ఒకడు దాదాపు రెండు చిన్న పెగ్గులు గొంతులో పోసుకుంటే దాన్ని గేమ్ అని ఎలా అంటారు? చక్రం తీసుకెళ్ళి మూలన పెట్టేశాం, ఆ గ్లాసులు ఇప్పుడు మా ఇంట్లో ఆవకాయ వడ్డించడానికి వాడుతున్నాం, దానికి బాగున్నాయి.

ఇక పేకముక్కల గేమ్, కింగ్స్ అంటారు, కొంతమంది రింగ్ ఆఫ్ ఫైర్ అంటారు. మధ్యలో ఒక పెద్ద గ్లాసు, చుట్టూ 52 ముక్కలు బోర్లా పరవాలి, వరసగా తలా ఒకటి తియ్యాలి, ప్రతి అంకెకీ ఒక రూల్. ఆసు వస్తే అందరూ ఒకేసారి తాగడం మొదలెట్టాలి, పక్కవాడు ఆపేదాకా నువ్వు ఆపకూడదు. రెండు వస్తే నువ్వు ఎవర్ని చూపిస్తే వాళ్ళు, మూడొస్తే నువ్వే, ఏడొస్తే చేతులు పైకి, ఆఖర్న ఎత్తినవాడు దొరికిపోతాడు. తొమ్మిదికి ప్రాస, అంటే నువ్వన్న మాటకి ప్రాస కలిసే మాట తలా ఒకటి చెప్పాలి, పదికి కేటగిరీ, అంటే నువ్వు చెప్పిన రకంలో తలా ఒక పేరు. రాజు వస్తే నీ గ్లాసులోది కొంచెం మధ్య గ్లాసులో పోస్తావు, నాలుగో రాజు తీసినవాడు ఆ కలగూరగంప మొత్తం తాగాలి. ఈ ఆఖరి రూల్ ఒక్కటి తీసేస్తే గేమ్ సూపర్. రమ్ము, బీరు, థమ్సప్, ఎవడో పోసిన మజ్జిగ, అన్నీ కలిసిన ఆ రంగు చూస్తేనే కడుపులో తిప్పుతుంది. మేం నాలుగో రాజుకి వేరే శిక్ష పెట్టాం, మర్నాడు పొద్దున్న గిన్నెలన్నీ వాడే తోమాలి. నమ్మండి, ముక్క తియ్యడానికి చేతులు వణికాయి.

నాకు ఈ బాక్స్ మీద కోపం వచ్చింది డేర్ కార్డుల దగ్గర. ఒక కార్డు మీద "ప్రామ్ నైట్‌కి ఎవరితో వెళ్ళావు" అని ఉంది. ప్రామ్ అంటే అమెరికా స్కూళ్ళలో ఆఖర్న జంటగా వెళ్ళే డాన్సు పార్టీ, అది ఇక్కడేంటి గురూ, మా స్కూల్లో ఆడపిల్లలతో మాట్లాడితేనే ఇంటికి కబురెళ్ళేది. ఇంకోటి "నీ సొరోరిటీ సిస్టర్‌కి ఫోన్ చెయ్యి" అని, సొరోరిటీ అంటే అక్కడి కాలేజీ అమ్మాయిల క్లబ్బు. మూడోది స్ప్రింగ్ బ్రేక్, అంటే వాళ్ళ కాలేజీ వసంతం సెలవుల గురించి. అమెరికా లిస్టు మక్కికి మక్కి దించేసి ప్రింట్ కొట్టేశారు, ఇక్కడ ఎవరు ఆడతారో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మిగిలిన కార్డుల్లో సగం "చొక్కా విప్పు", "పక్కవాళ్ళకి ముద్దు పెట్టు" టైపు. మాతో ఉన్న ముగ్గురు అమ్మాయిల్లో ఒకమ్మాయి ఆ కార్డులన్నీ ఏరి పారేసింది, ఎవరూ కిక్కురుమనలేదు, అసలు పారెయ్యడానికే పెట్టినట్టున్నారు వాటిని.

అదే పది ముక్కకి, అంటే కేటగిరీకి, మా సొంత కేటగిరీలు పెట్టుకున్నాక చూడాలి మజా. బరంపురం నుంచి శ్రీకాకుళం రోడ్ దాకా ప్యాసింజర్ ఆగే స్టేషన్లు, తలా ఒకటి చెప్పాలి, తడబడితే గుక్క. ఇచ్చాపురం, సోంపేట, పలాస అందరూ చెప్పేస్తారు, బారువ, మందస రోడ్ దాకా కూడా లాగొచ్చు, సుర్లా రోడ్, ఝాడుపూడి దగ్గరికొచ్చేసరికి నోళ్ళు మూతపడ్డాయి. పలాస నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేసే మా తమ్ముడొకడున్నాడు, అప్పటిదాకా మూల కూర్చుని మూరీ (మరమరాల) మిక్చరు నవులుతున్నవాడు కాస్తా నౌపడ, కోటబొమ్మాళి, తిలారు, ఊర్లాం అని మంత్రం చదివినట్టు చదివేశాడు. ఆ రాత్రికి వాడే హీరో. వాడు మందు ముట్టడు కూడా.

ప్రాస రౌండ్‌లో పెద్ద గొడవే అయింది. తెలుగు మాటకి ఒడియాలో ప్రాస చెప్తే ఒప్పుకోవాలా వద్దా అని. మా బ్యాచ్‌లో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాలేజీలో రెండూ కలిపి కొట్టేవాళ్ళే అందరూ, కాబట్టి ఓటింగ్ పెట్టి ఒప్పుకున్నాం, కానీ హిందీ సినిమా పాట లైన్లు మాత్రం చెల్లవు. బాక్స్ కాగితంలో లేని ఇలాంటి రూల్సే గేమ్‌ని నిలబెట్టాయి.

"బఫెలో" అని ఇంకో రూల్ ఉంటుంది, రాత్రంతా నీ గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకోవాలి, కుడి చేత్తో దొరికావో మొత్తం ఖాళీ చెయ్యాలి. వాళ్ళకి అది సరదా. మనకి చిన్నప్పటి నుంచి ఎడమ చేత్తో ఏదైనా ఇస్తే మొట్టికాయ పడిన ప్రాణాలు కదా, ఎంత గుర్తుపెట్టుకున్నా చెయ్యి దానంతటదే మారిపోతుంది. అందుకని మన దగ్గర ఈ రూల్ చాలా ప్రమాదం, అందరూ నిమిషానికోసారి దొరుకుతారు. గ్లాసులో నిమ్మ సోడా ఉంటేనే పెట్టుకోండి.

నెవర్ హావ్ ఐ ఎవర్ గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తా, తాగినప్పుడు ఆడాల్సిన ఆట కాదది. "నేనెప్పుడూ ఫలానా పని చెయ్యలేదు" అని ఒకరు అంటారు, చేసినవాళ్ళు తాగాలి. మొదట్లో కాపీ కొట్టడం, టికెట్ లేకుండా రైలెక్కడం, హాస్టల్ గోడ దూకడం, బానే ఉంటుంది. రెండో రౌండ్ నుంచి ఎవడో ఒకడు ఎవర్నో టార్గెట్ చేసి అడుగుతాడు. బరంపురం చిన్న ఊరు, గిరి రోడ్డులో తుమ్మితే గాంధీనగర్‌లో చిరంజీవ అంటారు, ఆ రాత్రి ఒప్పుకున్న సంగతి పొద్దున్నకి పెద్దమ్మ కూతురి దాకా వెళ్ళిపోద్ది. ఆడి తీరాలంటే ముందు ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించండి. వీడియో తియ్యడం అనేది గేమ్‌లో భాగం కానే కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఫ్లిప్ కప్. రెండు జట్లు టేబుల్‌కి అటూ ఇటూ, మొదటివాడు కప్పులోది తాగేసి ఖాళీ కప్పుని టేబుల్ అంచున నిలబెట్టి వేలితో కింద నుంచి ఎగరేసి బోర్లా నిలబెట్టాలి, అది నిలబడితేనే రెండోవాడు మొదలెట్టాలి. రిలే పరుగులా ఉంటుంది, అరుపులు కేకలు, తాగనివాళ్ళు కూడా జట్టులో దర్జాగా ఆడొచ్చు. అసలు మందే అక్కర్లేదు దీనికి. మేం ఒక రౌండ్ బేలపణాతో ఆడాం, పణా సంక్రాంతికి చేసుకునే మారేడు పండు పానకం, ఒకమ్మాయి వాళ్ళ అమ్మగారు బాటిల్లో పోసి పంపించారు, చిక్కగా ఉండి గటగటా దిగదు కాబట్టి ఎంత తాగుబోతైనా దాని ముందు ఆగాల్సిందే. బాక్స్‌లో వచ్చిన కప్పులు మాత్రం దీనికి పనికిరావు, తేలిగ్గా ఉండి మూడు పల్టీలు కొట్టి కింద పడతాయి. టీ కొట్లో దొరికే మందం పేపర్ కప్పులు నయం.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. ఈ గేమ్స్‌లో చాలావాటిలో ఓడినవాడే తాగాలి, తాగినవాడి గురి ఇంకా తప్పుతుంది, తప్పితే మళ్ళీ వాడే తాగాలి. మొదటి అరగంటలో వెనకబడ్డవాడు ఇక లేవడు. మామూలుగా కూర్చుని తాగేటప్పుడు చాలనిపిస్తే గ్లాసు పక్కన పెడతాం, ఇక్కడ ఎంత తాగాలో, ఎప్పుడు తాగాలో చక్రమో ముక్కో చెప్తుంది, నీ ఒంటికి ఓటే లేదు. మాతో హౌస్ సర్జన్ అక్క ఒకామె వచ్చింది, ఆమె చెప్పింది ఏంటంటే లివరు గంటకి ఒక చిన్న పెగ్గు కంటే ఎక్కువ అరిగించలేదు, తాగింది రక్తంలో పూర్తిగా ఎక్కడానికి అరగంట నుంచి గంట, కడుపునిండా తిని ఉంటే ఇంకా లేటు. అంటే "నాకేం ఎక్కలేదు మావా" అని వాడు ఇంకో మూడు లాగించే టైముకి మొదటివే ఇంకా ఎక్కుతున్నాయి. తర్వాత బ్లాక్ కాఫీ ఇచ్చినా, తల మీద బకెట్ నీళ్ళు కుమ్మరించినా, నిమ్మకాయ పిండినా దిగదు, మెలకువగా ఉన్న తాగుబోతు తయారవుతాడంతే.

ఎవడైనా పడిపోయి పిలిస్తే పలక్కపోతే, ఊపిరి మెల్లగా ఆగి ఆగి వస్తుంటే, ఒళ్ళు చల్లబడితే, పడుకుని వాంతి చేసుకుంటుంటే, "పడుకోనీ పొద్దున్నకి సర్దుకుంటాడు" అని వదిలెయ్యకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా కాదు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోద్ది, ఒక మనిషి పక్కనే కూర్చోవాలి, 108కి ఫోన్ చెయ్యాలి. ఇంట్లో తెలుస్తుందన్న భయంతోనే చాలా చోట్ల లేట్ చేస్తారు అంది అక్క. 799 రూపాయల బాక్స్‌లో చొక్కా విప్పమనే కార్డుకి చోటుంది, ఈ నాలుగు లైన్లకి చోటు లేదు. నేను మూడు స్టార్లు కోసేసింది అందుకే, కప్పులు పల్చగా ఉన్నాయని కాదు.

ఇంకోటి, ఒడిశాలో మందుకి వయసు 21. ఆంధ్రాలోనూ అంతే. అంటే డిగ్రీ మొదటి, రెండో ఏడు పిల్లలకి లెక్క ప్రకారం ఈ గేమ్స్ కూల్ డ్రింక్‌తోనే. బాక్స్ అమ్మే పేజీలో మాత్రం ఎవరి వయసూ అడగలేదు, "ఫ్రెషర్స్ పార్టీకి బెస్ట్ గిఫ్ట్" అని రాసుకున్నారు పైగా. ఫ్రెషర్ అంటే ఎంత వయసుంటుందండీ, పద్దెనిమిది! కొత్తగా చేరిన పిల్లాడు సీనియర్ల ముందు వద్దు అనలేడు, వాడి చేతికి డేర్ కార్డు ఇవ్వడం అంటే దానికి ర్యాగింగ్ అనే పేరే ఉంది.

గోపాల్‌పూర్ నుంచి రాత్రి బండి మీద బరంపురం వచ్చేద్దాం అనుకునేవాళ్ళకి, వంద ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ గేమ్స్‌లో ఆ 30 దాటడానికి రెండు రౌండ్లు చాలు. మేం బండి తాళాలన్నీ ఆ పలాస తమ్ముడి దగ్గర పెట్టేశాం, పొద్దున్న పఖాళ (చద్దన్నం), వేయించిన బడి (వడియాలు), ఉల్లిపాయ తిన్నాకే ఇచ్చాడు, అందులో కూడా వాడు ఇద్దర్ని "నువ్వు ఇంకో గంట ఆగు అన్నయ్యా" అని కూర్చోబెట్టాడు.

డెలివరీ బాగానే ఉంది, చెప్పిన రోజుకే వచ్చింది, అట్టపెట్టె మీద పెద్ద బీరు మగ్గు బొమ్మ ఉంటుంది కాబట్టి ఇంటి అడ్రస్ మాత్రం ఇవ్వకండి, మా వాడి నాన్నగారు సంతకం పెట్టి తీసుకున్నారు. రిటర్న్ పెడితే "ఓపెన్ చేసిన గేమ్ వాపసు తీసుకోం" అన్నారు. బంతులు మాత్రం నిజంగా మంచివి, సొట్ట పడలేదు, ఇప్పుడు కాలేజీలో టీటీ టేబుల్ మీద అవే ఆడుతున్నారు.

ఇది కొనే బదులు బడా బజార్‌లో ఒక పేకముక్కల కట్ట, స్పోర్ట్స్ షాపులో అరడజను టీటీ బంతులు, ఒక ప్యాకెట్ మందం పేపర్ కప్పులు తీసుకోండి, ఇందులో సగం డబ్బు కూడా కాదు. మిగిలిన దాంతో మూరీ మిక్చరు, ఆలూ చాప్, నీళ్ళ క్యాన్లు రెండు తెచ్చుకోండి, నీళ్ళు మాత్రం మీరు అనుకున్న దానికంటే ఒక క్యాన్ ఎక్కువే పట్టుకెళ్ళండి. డేర్ కార్డులు ఒక నోట్‌బుక్ చింపి మీరే రాసుకోవచ్చు. చక్రం కావాలంటే మా దగ్గరుంది, ఫ్రీ, 7 దగ్గరే ఆగుద్దని మాత్రం గుర్తుపెట్టుకోండి.